రాజమహేంద్రవరము – హైదరాబాదు: విమానమునకు దూరమెంత, కాలమెంత?

రాజమహేంద్రవరమునుండి హైదరాబాదునకు విమానములో గంట ప్రయాణమని గోదావరి జిల్లాల గ్రామములలో నేడు చిన్నపిల్లలు సైతము చెప్పుచున్నారు. ఆ మాటలో అసత్యము లేదు. అయినను ఆ గంటనే నమ్ముకొని బయలుదేరినవారికి ఆసుపత్రిలో వైద్యుడు చూచు వేళ దాటిపోవచ్చును. ఉద్యోగమునకై పిలిచిన పిలుపు అందకపోవచ్చును. కువైటు విమానము తప్పిపోయి, అప్పు చేసి కొన్న టిక్కెట్టు వ్యర్థము కావచ్చును. ఆ గంట ఎక్కడ మొదలై ఎక్కడ ముగియును? ఈ రెండు ఊళ్ల నడుమ ఆకాశములో దూరమెంత? దానిని కొలుచుట యెట్లు? ఈ సంగతులు కొంచెము వివరముగా తెలిసికొన్నచో, టిక్కెట్టు కొనుటకు ముందే ఎవరి లెక్క వారు వేసికొనగలరు. అందుకొరకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఆకాశములోని కొలత

భూమిమీద పోవువారికి దారి యొక్కటి కాదు. రైలు గోదావరి దాటి నైరుతిగా బెజవాడకు దిగి, అచ్చటనుండి ఉత్తరమునకు తిరిగి ఖమ్మము, వరంగల్లు, కాజీపేటల మీదుగా పోయి, మరల నైరుతిగా సికిందరాబాదు చేరును. ఈ వంకర అంతయు కలిపి సుమారు 500 కిలోమీటర్లు. రోడ్డుమీద పోయినచో, ఎంచుకొన్న మార్గమునుబట్టి 400 కిలోమీటర్లకు పైబడును. విమానమునకు ఏరులు, కొండలు, జంక్షనులు అడ్డము లేవు గనుక దాని దూరమును ఒక విమానాశ్రయమునుండి మరియొకదానికి సూటిగా గీచిన గీతతో కొలుతురు. మధురపూడి విమానాశ్రయమునుండి శంషాబాదు విమానాశ్రయమునకు ఆ గీత పొడవు సుమారు 360 కిలోమీటర్లు.

ఈ అంకెను ఎవరో చెప్పగా నమ్మవలసిన పని లేదు. ఉన్నత పాఠశాల విద్యార్థి అట్లాసు ముందు పెట్టుకొని తానే కట్టగలడు. శంషాబాదు విమానాశ్రయము ఉత్తర అక్షాంశము 17.24 డిగ్రీల వద్దను, తూర్పు రేఖాంశము 78.43 డిగ్రీల వద్దను ఉన్నది. మధురపూడి అక్షాంశము 17.11, రేఖాంశము 81.82. అక్షాంశములు రెండును దాదాపు ఒక్కటే. అనగా రెండు విమానాశ్రయములును ఇంచుమించు ఒకే అడ్డగీతమీద, ఒకటి తూర్పునను ఒకటి పడమరను ఉన్నవి. రేఖాంశములలో భేదము 3.39 డిగ్రీలు. భూమధ్యరేఖవద్ద రేఖాంశపు డిగ్రీ ఒక్కటి 111 కిలోమీటర్లకు కొంచెము పైన ఉండును. ఉత్తరమునకు పోయినకొలది ఆ గీతలు దగ్గరపడుచు ధ్రువమువద్ద కలిసిపోవును. మన 17వ డిగ్రీవద్ద వాని ఎడము సుమారు 106.4 కిలోమీటర్లు. 3.39ని 106.4తో హెచ్చవేసినచో 360 కిలోమీటర్ల పైచిలుకు వచ్చును. ఉత్తర దక్షిణములుగా ఉన్న కొద్ది భేదము 14 కిలోమీటర్లు మాత్రమే. లంబకోణ త్రిభుజపు సూత్రము ప్రకారము దానిని కలిపి చూచినను అర కిలోమీటరైన పెరుగదు.

ఇదే లెక్క కడపకు వేసినచో మరియొక రీతిగా నుండును. కడప విమానాశ్రయము రేఖాంశము 78.77, హైదరాబాదునకు దాదాపు సూటిగా దక్షిణమున ఉన్నది. అక్కడ లెక్కకు వచ్చునది అక్షాంశ భేదము. అక్షాంశపు డిగ్రీ మన ప్రాంతమున 110.6 కిలోమీటర్లు, ఎక్కడికి పోయినను పెద్దగా మారదు. 14.51నుండి 17.24 వరకు 2.73 డిగ్రీలు గనుక 302 కిలోమీటర్లు, కొంచెము ఏటవాలు కలిపి 304. అక్షాంశపు డిగ్రీలో అరువదవ వంతునే నావికులు, వైమానికులు తమ మైలుగా పెట్టుకొనిరి. దానిని నాటికల్ మైలు అందురు. అది 1,852 మీటర్లు. గంటకు ఒక నాటికల్ మైలు పోవు వేగమునకు నాట్ అని పేరు. పైలటు లెక్కలో మధురపూడి, శంషాబాదుల నడుమ దూరము 194 నాటికల్ మైళ్లు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. మన దేశమంతటికి గడియారము నిర్ణయించిన 82.5 డిగ్రీల రేఖాంశము కాకినాడకు తూర్పుగా, తునికి చేరువగా పోవుచున్నది. రేఖాంశము ఒక డిగ్రీ దాటుటకు సూర్యునికి 4 నిమిషములు పట్టును. కావున మధురపూడిలో సూర్యుడు నడినెత్తికి వచ్చిన పదమూడున్నర నిమిషములకు శంషాబాదులో నడినెత్తికి వచ్చును. రెండు చోట్లను గడియారములు మాత్రము ఒకే వేళ చూపుచుండును. ఈ దూరమును పదమూడున్నర నిమిషములలో దాటు విమానము మన మార్గములమీద తిరుగుట లేదు.

రెక్కలు, ప్రొపెల్లరులు

ఇటువంటి చిన్న దూరములకు మన రాష్ట్రములలో ఎక్కువగా తిరుగునది ఏ.టీ.ఆర్. 72 అను విమానము. ఫ్రాన్సు దేశమందలి టులూజ్ నగరమున తయారగుచున్నది. డెబ్బదికి పైగా మనుష్యులు పట్టుదురు. రెక్కలు దేహమునకు పైభాగమున ఉండును. రెక్కకు ఒకటి చొప్పున రెండు ఇంజనులు, వాని ముందు పెద్ద ప్రొపెల్లరులు తిరుగుచుండును. ప్రొపెల్లరు చూచి పాతకాలపు విమానమని కొందరు శంకింతురు. అది తగదు. లోపల తిరుగునది టర్బైను యంత్రమే. అది తిప్పునది ప్రొపెల్లరును. ఇంధనము తక్కువ త్రాగును. పొట్టి రన్‌వేలమీద దిగగలదు. తక్కువ జనము, తక్కువ దూరము ఉన్న మార్గమునకు ఇది తగిన వాహనము.

సమముగా ఎగురునపుడు దాని వేగము గంటకు సుమారు 500 కిలోమీటర్లు. 360 కిలోమీటర్లను 500తో భాగించి నలుబది మూడు నిమిషములని తేల్చువారు గలరు. ఇచ్చటనే మొదటి పొరపాటు జరుగుచున్నది. విమానము నేలనుండి లేచిన క్షణముననే ఆ వేగము రాదు. అయిదారు కిలోమీటర్ల ఎత్తునకు ఎక్కునంతవరకు, గుట్ట ఎక్కుచున్న ఎడ్లబండివలె, దాని వేగము తక్కువగనే యుండును. ఎక్కుటకు పావుగంట, ఒక్కొక్కపుడు అంతకు కొంచెము ఎక్కువ పట్టును. దిగునపుడు మరల నెమ్మదించవలెను. ఎక్కుటలోను దిగుటలోను చెరి నూరు కిలోమీటర్లకు అటునిటుగా పోయినచో, పూర్ణవేగముతో ఎగురుటకు మిగులునది దారిలో సగము మాత్రమే. అంతేగాక విమానము అట్లాసులోని గీతమీదనే పోదు. ఆకాశములో నిర్ణయించిన బాటలున్నవి. ఆ బాటలను, నియంత్రణాధికారులు చెప్పిన మలుపులను అనుసరించి పోవలెను. వీనినన్నిటిని కలిపి చూచినచో గాలిలో నుండు కాలము యాభై నిమిషములకు అటునిటుగా తేలుచున్నది.

మరి జెట్ విమానమైనచో? అది ఎత్తున ఎగురునపుడు గంటకు 800 కిలోమీటర్లకు మించి పోగలదు. కాని ఆ ఎత్తునకు ఎక్కి, ఆ వేగమును అందుకొనులోపలనే దిగవలసిన వేళ సమీపించును. కావున ఈ మార్గమున జెట్ విమానమువలన కలిసివచ్చునది పది, పదిహేను నిమిషములు మాత్రమే. ఢిల్లీకో బొంబాయికో పోవునపుడు జెట్ విమానపు విలువ తెలియును.

గాలి వాటము

పడవ నడుపువారికి గాలి సంగతి చెప్పనక్కరలేదు. విమానముకూడ గాలి అను ప్రవాహములోని పడవయే. వర్షర్తువులో నేలకు చేరువనున్న పొరలలో పడమటి గాలులు బలముగా వీచును. అప్పుడు హైదరాబాదునుండి రాజమహేంద్రవరమునకు వచ్చు విమానమునకు గాలి తోడగును. తిరిగి పోవు విమానమునకు ఎదురగును. విమానము స్వంత వేగము గంటకు 480 కిలోమీటర్లు, గాలి వేగము 40 కిలోమీటర్లు అనుకొందము. తోడుగాలితో నేలపైన వేగము 520, ఎదురుగాలితో 440. మొదటి సందర్భమున 360 కిలోమీటర్లకు నలుబది ఒకటిన్నర నిమిషములు పట్టగా, రెండవ సందర్భమున నలుబది తొమ్మిది పట్టును. గాలి లేనిచో ఒక్కొక్కటి నలుబది అయిదు. రెండు ప్రయాణములు కలిపి చూచినచో గాలి లేనపుడు తొంబది నిమిషములు కాగా, గాలి ఉన్నపుడు అర నిమిషము పైగా ఎక్కువ అగుచున్నది. పోవునపుడు లాభించినది వచ్చునపుడు పూర్తిగా తీరిపోవునని తోచును గాని, ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉండుటచేత నష్టమే కొంచెము మిగులును. లెక్కలంటే ఇష్టమున్న పిల్లలకు ఇది మంచి అభ్యాసము.

గాలి చేయు పని ఇంతటితో ముగియదు. విమానములు గాలికి ఎదురుగా లేచును, ఎదురుగా దిగును. శంషాబాదు రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నవి. పడమటి గాలి వీచుచున్న దినమున, తూర్పునుండి వచ్చు మన విమానము సూటిగా పోయి దిగును. తూర్పుగాలి వీచు దినములలో అట్లు కాదు. విమానాశ్రయమును దాటి పడమటికి పోయి, వెనుకకు తిరిగి, తూర్పు ముఖముగా దిగవలెను. విమానము ఊరు దాటిపోయినదని కిటికీవద్ద కూర్చున్నవారు కంగారుపడనక్కరలేదు. ఈ తిరుగుటకు కొన్ని నిమిషములు పట్టును. ముందు మరి నాలుగు విమానములు దిగవలసియున్నచో, ఆకాశములోనే చుట్టు తిరుగుచు నిలువవలసియు వచ్చును.

డిసెంబరు, జనవరి నెలల ఉదయములందు గోదావరి ఒడ్డున పొగమంచు పట్టును. రన్‌వే కనుపించనిచో విమానము దిగరాదు. కొంతసేపు చూచి విశాఖపట్టణమునకో, వెనుకకు హైదరాబాదునకో మరలిపోవును. అట్టి అవసరమునకు చాలినంత ఇంధనము ముందుగనే పోసికొని బయలుదేరుట నియమము. ఇందు ప్రయాణికునికి కోపము వచ్చుట సహజమే గాని, ఆలస్యమునకు కారణము అతని ప్రాణరక్షణయే. చలికాలమున తప్పనిసరి పని యున్నవారు తెల్లవారుజామున పోవు విమానముకంటె ఎండ వచ్చిన తరువాత పోవునది చూచుకొనుట మేలని మా అభిప్రాయము.

పట్టికలోని కాలము

పైన చెప్పిన యాభై నిమిషములకును, టిక్కెట్టుమీద కనుపించు గంట, గంటా పది నిమిషములకును పొంతన లేదేమని అడుగవచ్చును. పట్టికలో వ్రాయు కాలము గాలిలో నుండు కాలము కాదు. నిలిచియున్న విమానపు చక్రములకు అడ్డము పెట్టిన దిమ్మలు తీసినది మొదలు, చేరినచోట మరల దిమ్మలు పెట్టు వరకు గల కాలమది. రన్‌వే చివరకు నేలమీద నడచిపోవుట, వంతుకొరకు వేచియుండుట, దిగిన పిమ్మట నిలుచు చోటికి వచ్చుట ఇందులో చేరియున్నవి. మధురపూడి చిన్న విమానాశ్రయము గనుక ఈ పనులు త్వరగా తెములును. శంషాబాదు పెద్దది; నేలమీదనే పది, పదిహేను నిమిషములు గడచుట అరుదు కాదు. విమాన సంస్థలు ఈ ఆలస్యములను ఊహించి కొంత కాలము అదనముగా వేసి పట్టిక వ్రాయును. ఆలస్యముగా లేచిన విమానము కొన్ని దినములలో సరిగా వేళకే చేరుటకు రహస్యమిదే.

గంటకు 500 కిలోమీటర్లు అను కొలత ప్రభుత్వమువారి లెక్కలలోను కనుపించును. చిన్న పట్టణములకు విమానములు నడుపుటకై కేంద్రప్రభుత్వము 2016లో ఉడాన్ పథకమును ప్రకటించినది. సుమారు 500 కిలోమీటర్లు, అనగా గంట ప్రయాణమునకు, కొన్ని సీట్లకు 2,500 రూపాయల పరిమితి అందులో పెట్టిరి. 2017 ఏప్రిల్ 27న ఆ పథకము క్రింద మొదటి విమానములు లేచినపుడు కడప–హైదరాబాదు మార్గముకూడ వానిలో నుండెను. అయితే ఆ పరిమితి పథకములో చేరిన మార్గములకు, అందులోను కొన్ని సీట్లకు, నిర్ణయించిన కాలమునకు వర్తించునదే గాని అన్ని టిక్కెట్లకు కాదు. మిగిలినవాని ధరలు దినదినమునకు మారుచుండును. సంక్రాంతి ముందు అవి ఎక్కడికి పోవునో చెప్పనక్కరలేదు.

ఇంటి గడపనుండి లెక్క

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. అమలాపురము చేరువ గ్రామమునుండి ఒకరు హైదరాబాదు నగరములో పని చూచుకొనుటకు పోవుచున్నారనుకొందము. ఇంటినుండి రావులపాలెము మీదుగా రాజమహేంద్రవరము వచ్చి, పట్టణమునకు ఉత్తరమున కోరుకొండ మండలములోనున్న మధురపూడి చేరుటకు కారులోనైనను రెండు గంటలకు పైగా పట్టును. రెండు గంటల పావు వేయుదము. దేశములో తిరుగు విమానములకు సామాను అప్పగించి చీటి తీసికొను కిటికీని సాధారణముగా బయలుదేరు వేళకు 60 నిమిషముల ముందు మూసివేయుదురు. ఎక్కు ద్వారమును 25 నిమిషముల ముందు. గనుక రెండు గంటల ముందుగా అక్కడ ఉండుట క్షేమము. పట్టిక ప్రకారము ప్రయాణము గంటా పది నిమిషములు. శంషాబాదులో దిగి సామాను తీసికొని వెలుపలికి వచ్చుటకు అరగంట. విమానాశ్రయము నగరమునకు దక్షిణముగా ఇరువది కిలోమీటర్లకు పైబడి యున్నది. నగరములోని చోటికి పోవుటకు గంట. ఇవన్నియు కూడినచో అయిదు నిమిషములు తక్కువగా ఏడు గంటలు!

360 కిలోమీటర్లకు ఏడు గంటలనగా గంటకు 51 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ బస్సు వేగమునకు ఇది ఎంతో దూరము లేదు. రాత్రి రైలు రాజమహేంద్రవరమునుండి సికిందరాబాదునకు ఎనిమిది, తొమ్మిది గంటలు తీసికొన్నను, అది నిద్రపోవు కాలము; తెల్లవారుసరికి నగరము నడుమనే దిగుదురు. 2023 జనవరిలో ప్రారంభమైన వందేభారత్ రైలు పగటివేళ ఆరు గంటల పైచిలుకులో పోవుచున్నది. కోరుకొండ, రాజానగరము ప్రాంతములవారికి మాత్రము లెక్క మారును. వారు అరగంటలో విమానాశ్రయము చేరగలరు గనుక అయిదు గంటలలో పని జరుగును. ఒకే దినమున పోయి రావలసినవారికిని, గంటల తరబడి కూర్చుండలేని వృద్ధులకును విమానము మేలు చేయును. రాత్రి ప్రయాణము చేయగలవారు రైలును చులకన చేయరాదు.

రోగుల విషయమున మరింత జాగ్రత్త అవసరము. గుండెనొప్పి వచ్చినపుడు, పక్షవాతము తగిలినపుడు, గంటలో హైదరాబాదు పోవచ్చునను తలంపుతో విమానమునకై ప్రయత్నించుట ప్రమాదకరము. ఆ గంట వెనుక ఎన్ని గంటలున్నవో పైన చూచితిమి. అట్టి సమయమున 108కి ఫోను చేసి, రాజమహేంద్రవరములోనో కాకినాడలోనో చేరువ ఆసుపత్రికి పోవలెను. పక్షవాతమునకు రక్తపు గడ్డ కరిగించు మందు, లక్షణములు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇచ్చినపుడే పనికివచ్చును. ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారిని, ఆయాసము గలవారిని ఎక్కించుకొనుటకు విమాన సంస్థలు వైద్యుని పత్రము అడుగును. నడువలేనివారికి చక్రముల కుర్చీ కావలెనని టిక్కెట్టు కొనునపుడే చెప్పవలెను.

గల్ఫునుండి వచ్చువారికి

గోదావరి జిల్లాలనుండి, కడప ప్రాంతమునుండి వేలాది స్త్రీపురుషులు కువైటు, ఖతారు, దుబాయిలలో పని చేయుచున్నారు. శంషాబాదులో దిగి మధురపూడి విమానము అందుకొనువారికి ఈ లెక్క అన్నిటికంటె ముఖ్యమైనది.

మొదట గడియారము. టిక్కెట్టుమీద వ్రాయు వేళ ఏ ఊరిలో లేచునో ఆ ఊరి వేళ, ఏ ఊరిలో దిగునో ఆ ఊరి వేళ. కువైటు గడియారము మనకంటె రెండున్నర గంటలు వెనుక. దుబాయిది గంటన్నర వెనుక. కువైటులో రాత్రి 11కు లేచి ఇక్కడ ఉదయము 6కు దిగినదనిన ప్రయాణము ఏడు గంటలు కాదు, నాలుగున్నర. పిమ్మట తేదీ. 15వ తేదీ 00.40 అని యున్నచో అది 14వ తేదీ రాత్రి పండ్రెండు దాటిన నలుబది నిమిషములు. 14న సాయంకాలమే ఇల్లు కదలవలెను. 15న రాత్రి పోయినచో విమానము ఒక దినము ముందే వెళ్లిపోయి యుండును.

రెండు విమానములు ఒకే టిక్కెట్టుమీద ఉన్నచో, మొదటిది ఆలస్యమై రెండవది తప్పినపుడు తరువాతి విమానములో పంపు బాధ్యత సంస్థమీద నుండును. చౌకగా వచ్చుననియో, ఏజెంటు చెప్పెననియో రెండు వేరు వేరు టిక్కెట్లు కొన్నచో ఆ బాధ్యత ఎవరికిని లేదు. రెండవ టిక్కెట్టు పోయినట్లే. ఏ విధముగా కొన్నను, విదేశమునుండి వచ్చువారు శంషాబాదులోనే పాస్‌పోర్టు తనిఖీ, కస్టమ్స్ తనిఖీ ముగించుకొనవలెను. వేరు టిక్కెట్టు గలవారు సామాను తామే తీసికొని, మరల వరుసలో నిలిచి అప్పగించవలెను. రెండవ విమానపు కిటికీ గంట ముందే మూయుదురని చెప్పియున్నాము. మొదటి విమానము గంట ఆలస్యమైనచో ఏమి మిగులునో చూడుడు. వేరు టిక్కెట్లు కొనువారు నడుమ నాలుగు గంటలకు తక్కువ కాకుండ ఎడము ఉంచుకొనవలెనని మా సలహా.

సామాను బరువుకూడ ఇక్కడనే బాధించును. గల్ఫు విమానములలో 30 కిలోల వరకు అనుమతించుట కద్దు. దేశములోని విమానములలో సాధారణముగా 15 కిలోలే. ఒకే టిక్కెట్టైనచో పెద్ద పరిమితియే చివరివరకు వర్తించుట వాడుక. వేరైనచో మిగిలిన 15 కిలోలకు కిలో చొప్పున రుసుము కట్టవలెను. తల్లికి తెచ్చిన దుప్పటి, పిల్లలకు తెచ్చిన బొమ్మలు విమానాశ్రయములో విప్పి వదలిపెట్టవలసి వచ్చుట కంటికి నీరు తెప్పించు సంగతి. అంత సామానుతో వచ్చువారు శంషాబాదునుండి సికిందరాబాదు చేరి రాత్రి రైలు ఎక్కుట, లేదా నలుగురు కలిసి కారు మాట్లాడుకొనుట నయము. టిక్కెట్టు కొనునపుడే, రెండు ప్రయాణములకును ఒకే నంబరు ఉన్నదా, సామాను బరువు ఎంత వరకు వ్రాసియున్నది అని ఏజెంటును అడిగి, ఆ రెండు సంగతులు కాగితముమీద చూపించుమని పట్టుబట్టవలెను.